మెట్టు పైకెక్కిన విలాపం

మంగళవారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. బయట నాలుగు డిగ్రీల చలి. వాన, గొడుగు విప్పితే నలుగురూ నవ్వేంత సన్నగానూ విప్పకపోతే తల పూర్తిగా తడిసేంత ఓపికగానూ పడుతోంది. ఇన్నేళ్ళ తరువాత ఇవన్నీ చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. రేడియో కేంద్రపు రికార్డుల భాండాగారంలో ప్రతి కార్డు మీదా తేదీ, వేళ, గది ఉష్ణోగ్రత రాయాలన్నది నియమం. బయటి వాతావరణం కూడా రాయడం నా సొంత చాదస్తం. ఆ కార్డు నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. సంగీతశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, పాడటం మాత్రం రాక, పాడినవాళ్ళ వివరాలు రాసే ఉద్యోగంలో కుదురుకున్నాను. ఒక్కొక్క రికార్డునూ మొదటి నుంచి చివరి దాకా విని కార్డు మీద మూడు గళ్ళు నింపాలి: వేగం, శ్రుతి, భావం. వేగానికి స్టాప్‌వాచ్ ఉండేది. శ్రుతికి రెండు కొమ్మల ఉక్కు శ్రుతిదండం, ట్యూనింగ్ ఫోర్కు, ఉండేది. దాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకునేదాన్ని. భావానికి ఏ పరికరమూ లేదు. అందుకే మా పై అధికారికి ఆ గడి అంటే మొదటి నుంచీ అనుమానం.

ఆయన్ని కేంద్రంలో అందరూ కార్డులాయన అనేవాళ్ళు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. చూశామని చెప్పినవాళ్ళను ఎవరూ నమ్మలేదు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: రికార్డు అట్ట మీద అచ్చయిన మాటా చెవికి వినిపించిన మాటా ఒకటి కావాలి, కాకపోతే ఎవరో అబద్ధమాడుతున్నట్టు, ఆ ఎవరో తేలే దాకా కార్డు పెట్టెలోకి వెళ్ళదు.

ఆ ఉదయం నా ముందున్నది మా ఊరి గాయక బృందం ఇరవై ఆరేళ్ళ కిందట పాడిన రికార్డు. మూడు వందల ఏళ్ళ నాటి యూరపు బరోక్ శైలి భక్తిగానం. వాద్యాలు లేవు, నలభై గొంతులు కలిసి దైవం ముందు విలపించడం, అంతే. అట్ట మీద 'డి మైనరు, మంద గతి, శోకం' అని ఉంది. నా శ్రుతిదండం 'ఈ' మైనరు అంది. అంటే రాసినదానికి ఒక పూర్తి మెట్టు పైన. స్టాప్‌వాచ్ నిమిషానికి అరవై ఐదు దెబ్బలు అంది. స్వరలిపిలో ఉన్నది యాభై ఎనిమిది. ఇక శోకం సంగతి. నాలుగు సార్లు విన్నాను. నలభై మంది కలిసి ఏడుస్తున్నట్టు లేదు. నలభై మంది కలిసి ఏదో మంచి చోటికి ఆలస్యంగా బయలుదేరినట్టు ఉంది. పైగా చివరి నిమిషంలో శ్రుతి ఇంకొక వెంట్రుకవాసి పైకి ఎక్కింది. తోడు వాద్యం లేని బృందం అలసిపోయి శ్రుతి కిందికి జారడం లోకసహజం. అలసిపోయి పైకి ఎక్కడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"ఏవమ్మా, ఒక్క రికార్డుతోనే మధ్యాహ్నం చేసేట్టున్నావే?" అన్నాడు కార్డులాయన గుమ్మంలోంచి.

"అట్ట ఒకటి చెబుతోంది సార్. చెవి ఇంకొకటి చెబుతోంది."

"నీ చెవి మీద నీకు నమ్మకమేనా?"

"శ్రుతిదండం మీద ఉంది."

"అయితే ముద్దాయిలు ముగ్గురు. అట్ట, పాడినవాళ్ళు, యంత్రం. ఎవరో తేల్చు. అంతదాకా గళ్ళు ఖాళీగా వదిలావో, ఊరుకునేది లేదు. ఖాళీ గడి అంటే పన్ను ఊడిన నోరు."

మామూలుగా అయితే ఈ వ్యవహారం ఒక విచారణ ఉత్తరంతో, మూడు నెలల నిరీక్షణతో ముగిసేది. అది ఆ వారంలోనే తేలవలసి రావడానికి కారణం మా పిన్ని.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. అప్పటికి యాభై ఒకటి. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. అదే గాయక బృందంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పై గొంతు పాడుతోంది. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి వంటింట్లో తొట్టి మీదికి వంగి, కుళాయి ధారగా విప్పి, ఆ చప్పుడు మాటున ఏదో స్వరం అందుకోవడానికి ప్రయత్నిస్తోంది. అందలేదు. గొంతు చీరుకుపోయింది. కుళాయి కట్టేసి నన్ను చూసింది.

"విన్నావా?"

"కుళాయి చప్పుడులో ఏమీ వినపడలేదు పిన్నీ."

"అబద్ధమాడితే నీ ముక్కు ఎర్రబడుతుందే పంతులమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే." కుర్చీలో కూలబడింది. "శనివారం మా బెత్తంగారు పై గొంతుల వాళ్ళందర్నీ ఒక్కొక్కర్నీ నిలబెట్టి వింటాడట. హాలు మరమ్మతు అయిపోయింది కదా, తెరిచేనాడు ఆ రికార్డులో పాట మళ్ళీ పాడిస్తాడట. అదే శ్రుతి, అదే వేగం. పై బి స్వరం తేటగా పలికినవాళ్ళు వేదిక మీద. పలకనివాళ్ళు ముందు కుర్చీల్లో. చేతికి ఒక పూలగుత్తి ఇస్తాడట, గౌరవంగా!"

బెత్తంగారు అంటే చేతిలో చిన్న బెత్తం ఊపుతూ పాడించే బృందం గురువు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఎదురుగా గురువుగారూ అనీ, వెనక బెత్తంగారనీ పిలిచేవాళ్ళు. ఆయన మాట నూతిలోంచి వచ్చినట్టు గంభీరంగా ఉండేది. ఆ రికార్డు వచ్చిన ఏడాది దానికి పెద్ద బహుమతి వచ్చింది. 'ఈ గొంతుల్లో వయసు బరువు లేదు, శోకం రెక్కలు కట్టుకుంది' అని పత్రికలు రాశాయి. ఆ రెక్కలు తానే కావాలని కట్టానని ఆయన అప్పుడే ప్రకటించాడు. పదేళ్ళ కిందట బృందం ఆ పాటను మళ్ళీ ఎత్తుకున్నప్పటి నుంచీ, సాధన చేసినప్పుడల్లా ముందుగా రికార్డు పెట్టి, దాంట్లోంచే శ్రుతి అందించేవాడు.

"ఒక మెట్టు కింద, ఎ స్వరం దాకా ఇప్పటికీ గంటలా పలుకుతుందే," అంది పిన్ని. "ఆ పైన నిచ్చెన లేదు. పదేళ్ళుగా ఆ ఒక్క స్వరం దగ్గరా నోరు తెరిచి ఊరుకుంటున్నాను. గుంపులో గోవిందా. ఒక్కదాన్నే నిలబెడితే ఎక్కడ దాక్కోను? పాతికేళ్ళప్పుడు చిటికెలో పాడాను. రికార్డే సాక్ష్యం. పోయింది. గొంతు పోయింది. ముసలిదాన్నయ్యాను, అంతే."

ఆమె తేలిగ్గానే అంది గానీ, చేతులు మాత్రం ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. వారంలో రెండు సాయంత్రాలు, సోమవారమూ గురువారమూ, ఆ బృందంతోనే ఆమె లోకం. ఆ రెండూ తీసేస్తే మిగిలేవి ఇతరుల కళ్ళద్దాలు. అది నాకు తెలుసు. తనకు తెలుసని నాకు తెలియకూడదన్నది ఆమె పట్టుదల.

అట్ట మీద డి మైనరు ఉండగా పిన్ని 'ఈ' మైనరులో ఎందుకు పాడింది? ఏ ఫలితానికైనా కారణం వెతకకుండా నేరం వయసు మీదికి నెట్టేయడం నాకు గిట్టదు. వయసు కాదననేరదు గనుక అందరూ దాని మీదికే నెడతారు.

బుధవారం ఉదయం నేలమాళిగలోంచి అసలు టేపు తీయించాను. డబ్బా మీద ఆనాటి రికార్డిస్టు దస్తూరీ ఉంది: 'హాల్లో కరెంటు మరమ్మతు. బ్యాటరీ యంత్రం వాడాను. బ్యాటరీలు కొత్తవి, ఉదయమే వేశాను. మొదటి పదకొండు నిమిషాలు పరీక్ష, వదిలేయండి.'

పరీక్షకు పది సెకన్లు చాలు. పదకొండు నిమిషాల పరీక్ష ఏమిటి? మా భాండాగారంలో ఒక నియమం ఉంది: పాత టేపును దూకించకూడదు, వేగంగా చుట్టకూడదు, తెగిపోతుంది. మొదటి నుంచి మామూలు వేగంతో వినవలసిందే. విన్నాను.

మొదట రికార్డిస్టు "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. తరువాత ఏదో గిన్నె కిందపడిన చప్పుడు, ఎవరో ఎవరి నోరో మూసిన చప్పుడు. ఆపైన ఒక ఆడగొంతు, బలవంతాన లావు చేసుకుని, నూతిలోకి దిగి మాట్లాడింది:

"అమ్మాయిలూ! ఇది విలాపం. సంత కాదు. ఏయ్ బాస్ గొంతు మగాళ్ళూ, మీరు పాడుతున్నారా, బస్సు కోసం ఎదురు చూస్తున్నారా? ఊపిరి పొట్టలోంచి రావాలి. నన్ను చూడండి, ఎంత ఊపిరి దాచుకున్నానో!"

ఆ తరువాత పొట్ట మీద చేత్తో వాయించిన చప్పుడు. నవ్వులు. ఆ గొంతు పాతికేళ్ళ మా పిన్నిది.

అలాంటివి ఐదు భాగాలు ఉన్నాయి. బెత్తంగారు తుమ్మడం, బెత్తంగారు బెత్తం పోగొట్టుకుని వెతకడం, బెత్తంగారు భార్యకు పప్పులో ఉప్పెంత వేయాలో తాళం వేసి చెప్పడం. నా చెవికి తట్టింది మాత్రం ఇంకొకటి. మొదటి భాగంలో పిన్ని అనుకరించిన బెత్తంగారు లావుగొంతు మనిషి. రెండో భాగంలో కాస్త సన్నబడ్డారు. ఐదో భాగం వచ్చేసరికి బెత్తంగారు బడిపిల్ల అయ్యారు. తరువాత ఒక టిక్కుమన్న శబ్దం, కుర్చీలు సర్దుకోవడం, అప్పుడు అసలు బెత్తంగారి గొంతు: "నిశ్శబ్దం. సిద్ధమేనా? ఊపిరి!" నూతిలో ఉండవలసిన ఆ గొంతు గట్టెక్కి కూర్చుని ఉంది. ఎవరో కంగారుపడ్డ గుమాస్తా మాట్లాడినట్టుంది. వెంటనే పాట మొదలైంది.

యంత్రానికున్న వేగం మీటను నెమ్మదిగా వెనక్కి తిప్పాను. బెత్తంగారు మళ్ళీ నూతిలోకి దిగిన చోట ఆపాను. శ్రుతిదండం డి మైనరు అంది. స్టాప్‌వాచ్ యాభై ఎనిమిది అంది. ఏడున్నర నిమిషాల పాట ఎనిమిది నిమిషాల ఇరవై ఐదు సెకన్లయింది. ఒక్క మీట తిప్పితే రెండు అబద్ధాలూ ఒకేసారి నిజమయ్యాయి.

కారణాల గొలుసు ఇది. బ్యాటరీలు నీరసించాయి, అందువల్ల రికార్డు చేసేటప్పుడు టేపు మెల్లగా నడిచింది. మెల్లగా నడిచిన టేపును మంచి యంత్రం మీద మామూలు వేగంతో నడిపితే పాట త్వరగానూ పైశ్రుతిలోనూ వినిపిస్తుంది. పాట సాగుతున్న కొద్దీ బ్యాటరీలు ఇంకా నీరసించాయి గనుక చివర శ్రుతి ఇంకాస్త ఎక్కింది. రికార్డిస్టు తిరిగి వచ్చి, టేపు పదకొండు నిమిషాలు నడిచిపోయి ఉండటం చూసి, పొద్దున్న తానే ఆపడం మరచిపోయాననుకున్నాడు. ఆ సంగతి ఒప్పుకోవడానికి నామోషీపడి 'పరీక్ష' అని రాసిపెట్టాడు. కనుక ఆ భాగం ఎవరూ వినలేదు. రికార్డు విన్న గాయకులు తమ గొంతు ఇంత బాగుందా అని మురిసిపోయారు. ఫోటో బాగా వచ్చినప్పుడు కెమెరాను ఎవరూ తప్పుపట్టరు. బహుమతి వచ్చాక బెత్తంగారు అదంతా తన సంకల్పమే అన్నాడు, చివరికి నిజంగానే నమ్మాడు. ఎవరి అబద్ధమూ చిటికెడు మించలేదు. అన్నీ కలిసి ఒక మెట్టయింది.

గొలుసు మొదటి కొక్కెం దగ్గర, బ్యాటరీలు నీరసించిన చోట మాత్రం మా పిన్ని వేలాడుతోంది.

బెత్తంగారికి అధికారిక ఉత్తరం రాశాను: వేగం, శ్రుతి, భావాల విషయంలో తమ అమూల్యాభిప్రాయం కావాలి, శుక్రవారం పదిన్నరకు దయచేయండి. అమూల్యం అన్న మాట పని చేసింది. వస్తానని సాయంత్రమే ఫోను చేశాడు.

గురువారం మధ్యాహ్నం పిన్ని దుకాణానికి వెళ్ళాను. వెనక గదిలో సాన తిరుగుతోంది, దాని మీద నీటి చుక్కలు పడుతున్నాయి, పిన్ని ఒక గుండ్రటి అద్దాన్ని రెండు వేళ్ళతో దానికి ఆనించి ఉంది. టేపులో ఏముందో చెప్పాను. సాన ఆపేసింది. పదకొండేళ్ళ పిల్లలా మొహం విచ్చుకుంది.

"పప్పులో ఉప్పు కూడా ఉందా?"

"ఉంది. తాళంతో సహా."

నవ్వడం మొదలెట్టి, అద్దం బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. "భోజనాల విరామంలోనే! రికార్డిస్టు బయటికి వెళ్ళాడు. గంటన్నర ఆ యంత్రాన్ని మేం వదిలితే ఒట్టు. పాడడం, వెనక్కి తిప్పడం, వినడం, మళ్ళీ వినడం. చివర్లో నా గొంతే నాకు ఎద్దు రంకెలా వినిపించింది. దానికి ఇంకా నవ్వాం."

"అదే పిన్నీ. బ్యాటరీలు అయిపోతున్నాయని యంత్రం మీకు మొరపెట్టుకుంది."

నవ్వు ఆగింది. "ఇది ఆయన వింటాడా రేపు? కొత్త అద్దాల కోసం వచ్చే వారం నా దగ్గరికే రావాలి! ఏ మొహం పెట్టుకుని ఆ ముక్కు కొలవను? వద్దే. ఉద్యోగం నీది, పీక నాది."

"సరే. వద్దంటే ఉత్తరం రాసి ఆపేస్తాను. కార్డు మీద 'యంత్రదోషం' అని రాసి ఊరుకుంటా. కానీ శనివారం మాత్రం నువ్వు బి పాడాలి."

ఆమె అద్దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. అప్పుడు, అద్దంతోనే అన్నట్టుగా, "అంటే ఆ బి స్వరం... నేను ఎప్పుడూ పాడలేదా?" అంది.

"పాడలేదు. నువ్వు పాడింది ఎ. ఒక మెట్టు పైకి ఎక్కించింది బ్యాటరీ."

"ఇప్పుడూ ఎ పలుకుతోంది."

"గంటలా పలుకుతోందని నువ్వే అన్నావు."

"అయితే పదేళ్ళుగా, లేని స్వరం పోయిందని ఏడుస్తున్నానా!" సాన మీద నీళ్ళు ఇంకా చుక్కచుక్కగా పడుతున్నాయి. ఆమె కళ్ళలోవి మాత్రం ఈసారి నవ్వువి కావు. కొంగుతో గట్టిగా తుడుచుకుంది. "వినిపించు. అంతా వినిపించు. నన్ను గెంటేస్తే గెంటేయనీ. చేసిన వెధవపనికి గెంటేస్తే పోతాను గానీ, రాని ముసలితనానికి పోను."

శుక్రవారం పదిన్నరకు బెత్తంగారు నిమిషం తేడా లేకుండా వచ్చాడు. వినే గది చిన్నది: నాలుగు కుర్చీలు, ఒక యంత్రం, గోడ గడియారం. పిన్నిని చూసి కనుబొమలెత్తాడు.

"నువ్వేమిటమ్మాయ్ ఇక్కడ?"

"సాక్షిని గురువుగారూ," అంది పిన్ని.

"దేనికి?"

"వింటారుగా."

కార్డులాయన టేపును రెండు చేతులతో, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, యంత్రం మీద పెట్టాడు. చివరి క్షణంలో పిన్నికి ధైర్యం సడలింది. ఆయన చెవి దగ్గరికి వంగి, "మొదటి పదకొండు నిమిషాలూ దాటించేయలేరా అన్నయ్యగారూ? పరీక్షేనట కదా," అని గుసగుసలాడింది.

"పాత టేపును పరుగెత్తించడం నా హయాంలో జరగలేదు," అన్నాడు ఆయన. మీట నొక్కాడు.

"అమ్మాయిలూ! ఇది విలాపం. సంత కాదు..."

ఆ పదకొండు నిమిషాలనూ నేను గడియారంలో చూశాను గనుక చెప్పగలను: అవి పదకొండే. పిన్ని నేలకేసి చూస్తూ కూర్చుంది. బెత్తంగారు మొదటి నిమిషంలో నా వైపు చూశాడు, రెండో నిమిషంలో పిన్ని వైపు, మూడో నిమిషం నుంచి యంత్రం వైపు. పొట్ట వాయించిన చోట ఆయన చెయ్యి తెలియకుండానే కోటు బొత్తాల దాకా వెళ్ళి ఆగింది. పప్పులో ఉప్పు దగ్గర కార్డులాయన లేచి, గోడవైపు తిరిగి, సరిగానే ఉన్న గడియారాన్ని సరిచేయడం మొదలెట్టాడు. ఆయన భుజాలు అదిరాయి. ఇది నేను కళ్ళారా చూశాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

తరువాత "నిశ్శబ్దం. సిద్ధమేనా? ఊపిరి!" అన్న గొంతు వచ్చింది.

"ఎవడు వీడు?" అన్నాడు బెత్తంగారు.

"తమరే," అన్నాను.

"నేనా? ఈ గుమాస్తానా?"

మీట వెనక్కి తిప్పాను. ఆయన గొంతు నూతిలోకి దిగింది. దాని వెనకే పాట మొదలైంది, డి మైనరులో, నిమిషానికి యాభై ఎనిమిది దెబ్బలతో. ఎనిమిది నిమిషాల ఇరవై ఐదు సెకన్లు ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నేనూ మళ్ళీ శ్రద్ధగా విన్నాను. అప్పుడు తెలిసింది రెక్కల రహస్యం. త్వరగా నడిచినప్పుడు మెరుపులా అనిపించిన వణుకు, అసలు వేగంలో స్పష్టంగా బయటపడింది. ప్రతి వాక్యం చివరా పై గొంతులు వణుకుతున్నాయి. అది భక్తి కాదు, చలీ కాదు. అప్పుడే గంటన్నర పాటు నవ్విన అమ్మాయిలు ఆ నవ్వును పళ్ళ మధ్య బిగబట్టి, దైవం ముందు విలపిస్తున్నారు. నవ్వకూడదన్న భయంలోంచి ఆ విలాపానికి నిజమైన శోకంలాంటి ఒత్తిడి వచ్చింది. అంత అందంగా ఎవరైనా దుఃఖించడం నేను అంతకు ముందూ తరువాతా వినలేదు.

టేపు ఆగింది.

"బస్సు కాదు," అన్నాడు బెత్తంగారు.

"ఏమిటి గురువుగారూ?"

"బాస్ గొంతుల్ని నేనన్నది బస్సు కోసం కాదు. రైలు కోసం ఎదురు చూస్తున్నారా అని. అనుకరించేటప్పుడు శ్రద్ధ ఉండాలి అమ్మాయ్." కోటు సర్దుకున్నాడు. "అంటే పదేళ్ళుగా నేను, నీరసించిన బ్యాటరీతో పోటీ పడుతున్నాను."

"మీరే గెలిచారు గురువుగారూ," అంది పిన్ని. "అది ఒక్కసారే పాడింది."

ఆయన మూతి బిగుసుకుంది. దాని వెనక ఉన్నది కోపమో నవ్వో తెలియలేదు. లేచి నిలబడ్డాడు. "రేపటి దాకా ఎందుకు? ఇప్పుడే పాడు. డి మైనరు. ఆ పై స్వరం నుంచి కిందికి."

"వినే గదిలో పాడకూడదు," అన్నాడు కార్డులాయన గోడవైపు నుంచే. తలుపు దాకా నడిచి, దాన్ని బార్లా తెరిచాడు. "నడవా నా పరిధిలోది కాదు."

పిన్ని నడవాలోకి వెళ్ళింది. నేను శ్రుతిదండం మోకాలికి కొట్టి ఆమె చెవి దగ్గర పెట్టాను. చెప్పుల జత విడిచి, వట్టి కాళ్ళతో ఆ చల్లటి నేల మీద నిలబడి, ఊపిరి తీసుకుంది. ఎ స్వరం నేరుగా, ఎక్కడా గీత పడకుండా, మెట్ల దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. పక్క గదుల్లో టైపుమిషన్లు ఆగాయి. ఆమె స్వరం దిగి వచ్చి పాట వరసను పూర్తి చేసే దాకా మళ్ళీ మొదలుకాలేదు.

బెత్తంగారు తల ఊపాడు. "మొదటి వరస. సరిగ్గా మధ్యలో. నా బెత్తం అందేంత దూరంలో. ఇక మీదట నువ్వు ఏ క్షణాన ఎవర్ని అనుకరిస్తున్నావో నాకు కనబడుతూ ఉండాలి." మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "నా పొట్ట గురించి అన్నమాట..."

"అది ఎప్పటి మాటో గురువుగారూ."

"అప్పటికి నాకు పొట్ట లేదు. నువ్వు ముందుగా చూశావు." అని దిగిపోయాడు.

శనివారం బృందమంతా వరసగా నిలబడి ఉండగా ఆయన ప్రకటించాడు: "చాలా ఆలోచించాను. శోకానికి వయసు కావాలి, బరువు కావాలి. రెక్కలు చాలించి ఒక మెట్టు దిగుతున్నాం. వేగమూ తగ్గుతుంది. ఇది నా కొత్త సంకల్పం." బ్యాటరీ మాట ఎత్తలేదు. బి స్వరానికి భయపడి పది రోజులుగా నిద్రపోని ముగ్గురు ఆడవాళ్ళు ఆ సంకల్పానికి కన్నీళ్ళు పెట్టుకున్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది పిన్ని. నిజం చెప్పనా అని నేను అడిగితే, "నోరు మూసుకో. చిటికెడు అబద్ధానికి ఆయన ఒక మెట్టు దిగాడు. ఇంకా ఎంత దింపుతావు?" అంది.

సోమవారం కార్డు నింపాను. వేగం: యాభై ఎనిమిది, రికార్డులో అరవై ఐదుగా వినిపించును. శ్రుతి: డి మైనరు, రికార్డులో 'ఈ' మైనరుగా వినిపించును. కారణం: బ్యాటరీ. భావం: నవ్వు ఆపుకుంటున్న శోకం.

కార్డులాయన మూడో గడి దగ్గర వేలు పెట్టి ఆగాడు. "దీనికి ఏ పరికరం వాడావు?"

"పరికరం లేదు సార్. కావాలంటే టేపు మళ్ళీ మొదటి నుంచి విందాం."

ఆయన గడియారం వైపు చూశాడు. ముద్ర వేసి, కార్డును పెట్టెలోకి జారవిడిచాడు.

పద్దెనిమిదేళ్ళ తరువాత ఆ కార్డులన్నిటినీ కంప్యూటరుకెక్కించారు. భావం గడిలో రెండు మాటలకు మించి పట్టలేదు గనుక ఆ రికార్డు ఎదుట ఇప్పుడు 'నవ్వు ఆపుకుంటున్న' అని మాత్రమే ఉంది. పిన్ని ఇంకో పద్నాలుగేళ్ళు, అరవై ఐదో ఏడు దాకా, మొదటి వరసలోనే పాడింది.